మట్టికోట దాకా నడిచిన రోజు

నాకు వరంగల్ కొత్త ఊరు కాదు. కరీంనగర్‌లో పుట్టి పెరిగినవాడికి వరంగల్ డెబ్బై కిలోమీటర్ల దూరం. పోటీ పరీక్షలు రాయడానికి వచ్చాను, మా నాయనమ్మను దవాఖానలో చేర్పించినప్పుడు పదిహేను రోజులు ఇక్కడే ఉన్నాను, కాజీపేటలో రైలెక్కడానికి ఎన్నిసార్లు వచ్చానో లెక్క లేదు. కోటను కూడా మూడు సార్లు చూశాను. అయితే ఆ మూడు సార్లూ ఏదో ఒక బండి నన్ను తీసుకొచ్చి కీర్తి తోరణాల ముందు దించింది. గంటసేపు తిరిగి, నాలుగు ఫొటోలు దిగి, మళ్లీ అదే బండిలో వెళ్లిపోయాను. ఓరుగల్లు కోట అంటే ఆ నాలుగు తోరణాలూ, వాటి మధ్య పడి ఉన్న రాళ్లూ అనే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. మొన్న జనవరిలో ఒక ఆదివారం హనుమకొండ నుంచి కోట దాకా పూర్తిగా కాలినడకన వెళ్లినప్పుడు గానీ, ఆ కోటలో తోరణాలు చివరన వచ్చేవని, వాటికన్నా ముందు దాటవలసినవి చాలా ఉన్నాయని నాకు తెలిసిరాలేదు.

మా అమ్మాయి హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నడుద్దామన్న ఆలోచన తనదే. "బాపూ, నువ్వు రాళ్ల గురించి చెప్పు, నేను తొవ్వ చూపిస్త" అని ఫోన్లో అంది. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా కట్టడాల పనులు చూసుకుంటూ బతుకుతున్నవాణ్ని. పునాది తవ్వేటప్పుడు మన్ను రంగు చూడడం, గోడ కనబడితే రాయికీ రాయికీ మధ్య సందు చూడడం నాకు అలవాటు. అందువల్ల ఈ రాత రాజుల కథల కన్నా రాళ్ల వైపు, మన్ను వైపు ఎక్కువగా మొగ్గుతుంది.

తెల్లవారుజామున మొదటి బస్సెక్కి హనుమకొండలో దిగేసరికి ఇంకా మంచు కరగలేదు. మా అమ్మాయి శాలువా కప్పుకొని, సంచిలో రెండు నీళ్ల సీసాలు, నాలుగు జామకాయలు పెట్టుకొని బస్టాండు బయట నిలబడి ఉంది. ఇద్దరమూ వేడి వేడి చాయ్ తాగి వేయిస్తంభాల గుడికి బయలుదేరాము.

నడకను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నేనే పట్టుబట్టాను. కాకతీయుల మొదటి రాజధాని హనుమకొండ. ఓరుగల్లు ఆ తరువాతిది. 1163లో రుద్రదేవుడు ఈ రుద్రేశ్వరాలయాన్ని కట్టించి వేయించిన శాసనంలోనే కాకతీయులు ఎవరికీ లోబడని రాజులుగా మనకు మొదటిసారి స్పష్టంగా కనిపిస్తారు. అంతకు ముందు వాళ్లు కల్యాణి చాళుక్యులకు సామంతులు. అందుచేత ఈ నగరం ఏ వరుసలో పెరిగిందో ఆ వరుసలోనే నడిస్తే, ఎనిమిది వందల ఏళ్ల కిందటి మనుషులు కొండల పంచన ఉన్న పాత ఊరిని వదిలి మైదానంలో ఒక ఒంటిరాతి గుట్ట చుట్టూ కొత్త పట్నం ఎందుకు కట్టుకున్నారో కాళ్లకు తెలుస్తుందని నా నమ్మకం.

గుడి మూడు గర్భాలయాల త్రికూటం. శివుడు, విష్ణువు, సూర్యుడు ఒకే ముఖమండపాన్ని పంచుకుంటారు. పొద్దున్నే వెళ్లడం వల్ల జనం లేరు. అర్చకులు నీళ్లు చల్లి కడుగుతున్న అరుగు మీద మా అడుగుల చప్పుడు మాకే వినిపించింది. మండపంలోని నల్లరాతి స్తంభాలను చూడాలంటే కాస్త వంగి, వెలుతురు వచ్చే వైపుకు ముఖం పెట్టి చూడాలి. అప్పుడు రాతి మీద ఉన్న నునుపు నీళ్ల మీది మెరుపులాగా కదులుతుంది. గాజుల వరుసల్లాంటి వలయాలు, దారం మాత్రమే దూరే సన్నటి సందులు, వాటి చుట్టూ పూసలు. ఇప్పుడు మా దగ్గర రాతిపని చేసేవాళ్ల చేతుల్లో కరెంటు యంత్రాలు ఉన్నాయి, వజ్రపు పళ్లు ఉన్న బ్లేడ్లు ఉన్నాయి. అయినా నల్లరాయి మీద ఇంత లోతుగా, అంచు చిట్లకుండా చెక్కమంటే వెనకాడతారు. ఉలితో, సుత్తితో, ఆ తరువాత రాతితో రాయిని అరగదీస్తూ చేసిన పని ఇది. ఒక్క స్తంభానికి ఎన్ని నెలలు పట్టి ఉంటుందో మా అమ్మాయి అడిగింది. నేను లెక్క కట్టబోయి మానుకున్నాను. బయట నంది కూడా అదే నల్లరాతిలో ఒకే దిమ్మెగా ఉంది. మెడలోని గంటల పట్టెడ మీద మంచు చుక్కలు నిలిచి ఉన్నాయి.

నంది వెనక ఉన్న కల్యాణమండపం దగ్గర నేను ఎక్కువసేపు నిలబడ్డాను. కుంగిపోయిన ఆ మండపాన్ని రెండు దశాబ్దాల కిందట రాయి రాయికీ అంకె వేసి పూర్తిగా విప్పారు. మళ్లీ కట్టి 2024లో భక్తులకు తెరిచారు. విప్పిన సంవత్సరాల్లో ఒకసారి వచ్చినప్పుడు అంకెలు వేసిన రాళ్లు ఆవరణ నిండా వరసలు వరసలుగా పరిచి ఉండడం చూశాను. అది చూసిన రోజు నాకు కడుపులో దేవినట్టయింది. విప్పడం సులువు, మళ్లీ అదే చోట అదే బరువుతో కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. కాకతీయులు ఇలాంటి బరువైన కట్టడాలకు లోతైన గుంత తవ్వి, దాన్ని ఇసుకతో నింపి, ఆ ఇసుక మీద రాతి అరుగు లేపారు. ఇసుక కూలిపోతుంది కదా అని మా అమ్మాయి సందేహం. నాలుగు వైపులా గట్టిగా బిగించి ఉన్నంతకాలం ఇసుక ఎక్కడికీ పోదు. పైనుంచి వచ్చే బరువును ఒకే చోట నిలపకుండా అన్ని వైపులకూ పంచుతుంది, నేల అదిరినప్పుడు ఆ అదురును తాను తీసుకుంటుంది. పక్కల నుంచి జారిపోవడానికి దారి దొరికితేనే ప్రమాదం. ఇప్పుడు మండపం కింద కాలు పెట్టి నిలబడితే ఎక్కడా వంకర కనబడలేదు. కొత్త రాళ్లు రంగును బట్టి గుర్తుపట్టగలిగాను, కానీ అవి పాతవాటికి పోటీ పడకుండా ఒదిగి ఉన్నాయి. ఈ పనిలో చేతులు పెట్టిన శిల్పుల పట్ల నాకు నిజంగా గౌరవం కలిగింది.

అక్కడి నుంచి పద్మాక్షి గుట్టకు పావుగంట పైన నడక. ఊరు అప్పుడే మేలుకుంటోంది; ఇడ్లీ బండ్ల దగ్గర పొగ, కూరగాయల తోపుడు బండ్ల మీద చిక్కుడుకాయలు, పచ్చి కందికాయలు. గుట్ట కింద ఉన్న గుండం మా అమ్మాయికి బాగా తెలిసిన చోటు, ఎందుకంటే సద్దుల బతుకమ్మ నాడు హాస్టల్ ఆడపిల్లలందరూ ఇక్కడికే వస్తారు. గునుగు, తంగేడు నీళ్ల మీద తేలే ఆ గుండానికి పైన ఉన్న గుట్ట ఒకప్పటి జైన క్షేత్రం. రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసది అనే జైన గుడిని కట్టించినట్టు 1117 నాటి శాసనం చెబుతోంది. రాతి మీద చెక్కిన తీర్థంకరులు ఇప్పటికీ ఉన్నారు. లోపల పద్మాక్షి అమ్మవారికి పసుపు కుంకుమలతో పూజలు జరుగుతున్నాయి. ఒక మతం వెనక్కి తగ్గి ఇంకొక మతం వచ్చినప్పుడు ఏమేమి జరిగిందో చెప్పే కథలు చాలా ఉన్నాయి గానీ, నా కళ్ల ముందు ఉన్నది మాత్రం ఒకే బండ, దాని మీద ఇద్దరినీ మోస్తున్న తొమ్మిది వందల ఏళ్లు. శాసన స్తంభం దగ్గర మా అమ్మాయి అక్షరాలను కూడబలుక్కోవాలని చూసింది. రెండు మూడు అక్షరాలు మన 'క'లాగా, 'ర'లాగా ఉన్నాయని సంతోషపడింది. మంత్రి పేరు కన్నా మైలమ పేరే ముందు నోట్‌బుక్‌లో రాసుకుంది.

గుట్ట మీది నుంచి చూస్తే హనుమకొండ ఎందుకు మొదటి ఊరు అయిందో అర్థమవుతుంది. చుట్టూ బండలు, గుట్టలు, వాటి మధ్య నీళ్లు నిలిచే పల్లాలు. చిన్న రాజ్యానికి ఇది చాలు. కానీ ఏనుగులు, గుర్రాలు, అంగళ్లు, వేలమంది జనం ఉండే పట్నానికి చోటు కావాలి, చదునైన నేల కావాలి, తవ్వితే తెగే మన్ను కావాలి. తూర్పు వైపు మంచులో మసకగా ఉన్న మైదానాన్ని చూపించి ఆ మాటే మా అమ్మాయితో చెప్పాను.

భద్రకాళి చెరువు కట్ట మీద నడక మాకు విశ్రాంతి లాంటిది. కొండ అంచున అమ్మవారి గుడి, ఇటు హనుమకొండ, అటు వరంగల్, మధ్యలో ఈ చెరువు. ఆషాఢంలో శాకంభరిగా అమ్మవారిని కూరగాయలతో అలంకరించినప్పుడు మా ఇంట్లోవాళ్లు తప్పకుండా వస్తారు. దర్శనం చేసుకొని, పులిహోర ప్రసాదం తీసుకొని కట్ట మీద కూర్చున్నాము. చెరువు కట్ట కూడా మట్టి కట్టడమే. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం లాంటి చెరువులకు కట్టలు వేసినవాళ్లు. మట్టిని పొరలు పొరలుగా పరచి, తడిపి, తొక్కించి, నీళ్ల బరువుకు నిలిచేటట్టు చేయడం వాళ్లకు చేతనైన విద్య. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, మధ్యాహ్నం మేము చూడబోయేది అదే విద్య, నీళ్ల మీద కాక సైన్యం మీద వాడినది.

కాపువాడ మీదుగా మట్టెవాడ చేరేసరికి ఎండ ఎక్కింది. కొత్తవాడ సందుల్లో మగ్గాల చప్పుడు వినిపించి ఒక ఇంటి ముందు ఆగాము. గుంత మగ్గం మీద ఎరుపు, నీలం చారల దర్రీ నేస్తున్న పెద్దాయన తల ఎత్తి "కూసో బిడ్డా" అని మా అమ్మాయికి పీట చూపించాడు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చినందువల్ల కూలి ఏమైనా పెరిగిందా అని అడగాలనుకున్నాను గానీ, ఆయన ఇంటి గోడలు చూసి అడగలేకపోయాను. ఇలాంటి ఇంటికి ప్రత్యేకంగా ఇంకొక రోజు రావాలి.

చౌరస్తా దగ్గర ఒక చిన్న మెస్సులో అన్నం తిన్నాము. పప్పుచారు, దొండకాయ వేపుడు, కంది పచ్చడి, గడ్డ పెరుగు. అక్కడ నాకు గుర్తొచ్చిన పుస్తకం గురించి ఒక్క మాట చెప్పాలి. ఓరుగల్లును కాలినడకన ఒక రోజంతా తిరిగి చూడడం అనేది మన సాహిత్యంలోనే ఉంది. పదిహేనో శతాబ్దం నాటిదిగా చెప్పే క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు తెల్లవారినప్పటి నుంచి ఈ నగర వీధుల్లో తిరుగుతూ కనిపించినదల్లా చెప్పుకుంటారు. గుళ్లు, ఆటలు, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, పూటకూళ్ల ఇల్లు, అన్నీ వాళ్ల దారిలో వస్తాయి. ఆ పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనాన్ని వర్ణించిన పద్యం చదివితే ఇప్పటికీ నోరూరుతుంది. ఆ నాటకంలోని కొన్ని మాటలు నేటి చదువరికి మోటుగా అనిపించవచ్చు. కానీ రాజుల గురించి కాకుండా వీధుల గురించి చెప్పే అంత పాత తెలుగు రచన దొరకడం మన అదృష్టం. పెరుగన్నం కలుపుకుంటూ ఈ సంగతి చెబితే మా అమ్మాయి, "అయితే మనం మూడో జత, నాలుగో జత అయివుంటం బాపూ" అంది.

తరువాత దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రైల్వే వంతెన కింద నుంచి శివనగర్ వైపు, అక్కడి నుంచి ఖిలా వరంగల్ రోడ్డు. ఆటోలవాళ్లు ఆపి ఆపి అడిగారు. ఎండ నెత్తిన ఉంది, నా చెప్పు పట్టీ ఒకటి తెగింది, రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఆయన పది నిమిషాల్లో బాగుచేసి ఇచ్చాడు. ఇళ్లు పలచబడి, పొలాలు మొదలయ్యాయి.

అప్పుడు వచ్చింది మట్టికోట.

బండిలో వచ్చినప్పుడు నేను దాన్ని చూడలేదని చెప్పడం సరికాదు. చూశాను, కానీ అది పాత చెరువు కట్ట ఏదో అనుకున్నాను. గడ్డి, తుమ్మ చెట్లు మొలిచిన పొడవాటి దిబ్బ రోడ్డుకు రెండు వైపులా సాగిపోతుంది, మధ్యలో రోడ్డు దాన్ని కోసుకుంటూ వెళుతుంది. నడిచి వచ్చేవాడికి మాత్రం అది దూరం నుంచే నెమ్మది నెమ్మదిగా లేస్తూ కనబడుతుంది. దగ్గరికి వచ్చేకొద్దీ లోపల ఏముందో కనబడకుండా చేస్తుంది. మూడు నాలుగు నిలువుల ఎత్తున నిలిచి, రెండు వైపులకూ వంపు తిరుగుతూ కనుచూపు మేర పోతుంది. ఈ వలయం అడ్డకొలత దాదాపు రెండున్నర కిలోమీటర్లు. లోపలి రాతికోట వలయం అందులో సగం, అంటే దాదాపు 1.2 కిలోమీటర్లు. వీటన్నిటికీ బయట, చాలా దూరాన, ఇంకొక మట్టిగోడ ఉండేది. దాని ఆనవాళ్లు అక్కడక్కడ మాత్రమే మిగిలాయి.

మేము రోడ్డు దిగి ఆ దిబ్బ పక్కగా కొంత దూరం నడిచాము. మేకలను తోలుకొస్తున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి ఆగింది. "ఏ ఊరు బిడ్డా మీది? కోట అటుంది, తోరణాలు లోపలున్నయి" అని దారి చూపించింది. మేము దీన్నే చూడడానికి వచ్చామని మా అమ్మాయి చెబితే ఆమె ముఖంలో వచ్చిన ఆశ్చర్యం నేను మరచిపోలేను. "మట్టికోటనా? దీన్ని ఎవ్వరు చూస్తరు? మా తాత చిన్నగున్నప్పుడు గూడ గిట్లనే ఉండెనట" అంది. తరువాత తనే మాకు ముందు నడిచి, బయటి వైపున పల్లంగా ఉన్న అగడ్తను చూపించింది. వానకాలంలో అందులో నీళ్లు నిలుస్తాయని, బర్రెలు అందులోనే పడుకుంటాయని చెప్పింది.

అగడ్తను, గోడను పక్క పక్కన చూసినప్పుడు పని తెలిసినవాడికి ఒక విషయం వెంటనే తడుతుంది. ఇంత మన్ను ఎక్కడి నుంచో బండ్ల మీద తోలలేదు. అగడ్త తవ్విన మన్నే గోడ అయింది. తవ్వకం ఎంత లోతైతే కట్ట అంత ఎత్తు. ఒక్క పనితో రెండు అడ్డంకులు. ఖర్చు లెక్కలు వేసుకుని బతికే నాలాంటి వాడికి ఆ లెక్క ఎంత అందంగా కనబడిందో మాటల్లో చెప్పలేను. ఇక మట్టిగోడ ఎందుకు, రాతిగోడ సరిపోదా అన్నది మా అమ్మాయి ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర కాదు, శత్రువుల దగ్గర ఉంది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం ఈ కోటను ముట్టడించినప్పటి సంగతులు రాసిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో, ఉక్కు ఈటె కూడా ఈ మట్టిగోడలో దిగదని, పెద్ద యంత్రాలతో విసిరిన గుండు దీనికి తగిలితే పిల్లలు ఆడుకునే కాయలాగా వెనక్కి ఎగిరి పడుతుందని రాశాడు. రాతిగోడకు గుండు తగిలితే రాయి పగులుతుంది, సందు పడుతుంది, ఆ సందులో రెండో గుండు పడుతుంది. గట్టిగా తొక్కించిన మట్టి కట్ట ఆ దెబ్బను మింగేస్తుంది. చెరువు కట్టలు వేసిన చేతులకు ఈ సంగతి ఎవరూ నేర్పవలసిన పని లేదు. ఆ ముట్టడి ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకొని ధనాన్ని, ఏనుగులను ఇవ్వడంతో ముగిసింది. కోట కాకతీయుల చేతుల్లోనే ఉండిపోయింది.

నేను గోడ కింది వైపు, గడ్డి లేని చోట బొటనవేలు ఆనించి బలంగా నొక్కి చూశాను. గోరు నొప్పి పెట్టింది గానీ మన్ను కదలలేదు. కొంచెం అవతల మాత్రం ఎవరో ట్రాక్టరుకు మన్ను తవ్వుకుపోయిన గాట్లు ఉన్నాయి, పచ్చిగా, పార గుర్తులతో సహా. నాకు చాలా బాధ కలిగింది. తోరణంలో ఒక చిన్న రాయి పగిలితే ఊరంతా గగ్గోలు పెడుతుంది, పెట్టాలి కూడా. ఇక్కడ బండెడు మన్ను పోతే అడిగేవాడు లేడు, ఎందుకంటే ఇది మన్ను, మన్ను ఎవరిదైనా కావచ్చునన్న భావన. తొక్కించిన ఆ మన్నును మళ్లీ తెచ్చి పోస్తే అది వట్టి మట్టి కుప్ప అవుతుంది గానీ కోట కాదు.

మట్టికోటకూ రాతికోటకూ మధ్య పొలాలు ఉన్నాయి. ఏరడం చివరికి వచ్చిన పత్తి, కాయ ఎర్రబడుతున్న మిరప, అక్కడక్కడ కూరగాయల మడులు. ఆ కాలంలో కూడా ముట్టడి వస్తే లోపలివాళ్లు తినడానికి ఇక్కడే పండించుకుని ఉంటారని నా ఊహ. తరువాత రెండో అగడ్త, దాని వెనక రాతిగోడ. గణపతిదేవుడి కాలంలో పూర్తయిన ఈ గోడను ఆయన కూతురు రుద్రమదేవి ఇంకా ఎత్తు పెంచిందని చెబుతారు. 45 బురుజులు. పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెలు, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టినవి. ఏ రెండూ ఒకే కొలత కావు, అయినా ప్రతి దిమ్మె తన పక్కదాని వంపుకు తగినట్టు చెక్కి ఉంది. లోపలి వైపు గోడ పొడవునా మెట్లు ఉన్నాయి. కేక వినపడితే సైనికులు ఎక్కడివాళ్లు అక్కడే పైకి పరుగెత్తడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

పడమటి దర్వాజ నేరుగా లోపలికి తీసుకెళ్లదు. ఒక వాకిలి దాటితే ఎదురుగా గోడ వస్తుంది, పక్కకు తిరగాలి, మళ్లీ తిరగాలి. ఏనుగుతో తలుపును కుమ్మించాలనుకునే శత్రువుకు పరుగెత్తే చోటు దొరకకుండా చేసిన పని. ఆ మూలమలుపులో నిలబడి పైకి చూస్తే, నాలుగు వైపుల నుంచి గోడ మీదివాళ్లు మన తల మీదే ఉన్నట్టు అనిపిస్తుంది. మా అమ్మాయి అక్కడ మాట్లాడడం మానేసింది. పక్క నుంచి ఒక మోటారు సైకిలు హారన్ కొట్టుకుంటూ తిరిగి వెళ్లాక గానీ మేము కదలలేదు.

అంత నడిచి, అన్ని గోడలు దాటి, కోటలో కాపురాలు ఉంటున్న ఇళ్ల మధ్య నుంచి వెళ్లి చూస్తే, తోరణాలు నాకు మొదటిసారి చూసినట్టు కనిపించాయి. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు. దాదాపు ముప్పై అడుగుల ఎత్తు. బలమైన స్తంభాలు, వాటి నుంచి పైకి వాలుగా లేచిన రాతి చేతులు, వాటి మీద మోపిన పెద్ద దూలం, అంచులకు హంసలు, మకరాలు, కిందికి వేలాడే తామర మొగ్గలు. దేవుడి బొమ్మ ఎక్కడా లేదు. అందువల్లే 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును గెలిచిన తరువాత కూడా వీటిని కూల్చకుండా వదిలారని చాలామంది అంటారు. తలుపులు లేని ద్వారాలు ఇవి. బయట ఉన్నవన్నీ మనిషిని ఆపడానికి కట్టినవైతే, ఇవి మాత్రం మనిషిని లోపలికి పిలవడానికి కట్టినవి. కానీ పిలిచిన చోట గుడి లేదు. స్వయంభూ శివుడి మహాలయం నిలిచిన చోట దాని ముక్కలు ఉన్నాయి: పైకప్పు పద్మాలు, విరిగిన స్తంభాలు, తల లేని నందులు, ఎక్కడివో తెలిసేటట్టు, తెలియనట్టు వరసగా పేర్చి ఉన్నాయి. 2014 నుంచి మన రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం ఇదే. రోజూ కాగితాల మీద చూసే గుర్తు వెనక ఇంత పెద్ద ఖాళీ ఉందని ఆ రోజు వరకు నేను ఆలోచించలేదు. ఆ ఖాళీ మధ్య నిలబడితే నాలుగు తోరణాలూ నాలుగు దిక్కులా కనబడతాయి. మేమిద్దరమూ అక్కడే, ఒక విరిగిన దూలం నీడలో, జామకాయలు తింటూ చాలాసేపు కూర్చున్నాము.

ఆ గుడి మూలవిరాట్టుగా చెప్పే నాలుగు ముఖాల శివలింగం పక్కనే ఉన్న శంభుని గుడిలో ఉంది, పూజలు అందుకుంటోంది. వెళ్లి దండం పెట్టుకున్నాము. కాకతీయుల తరువాత ఓరుగల్లు చాలా చేతులు మారింది. సుల్తాన్‌పూర్ అనే పేరు కూడా కొంతకాలం మోసింది. పదహారో శతాబ్దం మొదట్లో ఇక్కడ ఏలిన సితాబ్ ఖాన్ దేవతలను మళ్లీ నిలిపినట్టు 1504 నాటి శాసనం ఉంది. కాస్త దూరంలో ఉన్న ఖుష్ మహల్ ఆయన కట్టించినదేనని జనం చెప్పుకుంటారు. పైకి పోయేకొద్దీ లోపలికి వాలిన దాని గోడల తీరును చూసి, అది అంతకు ముందే తుగ్లకుల కాలంలో కట్టినదని చరిత్రకారులు కొందరు అంటారు. ఆ వాలు గోడలను చూస్తే నాకు రెండో మాటే నమ్మబుద్ధయింది. లోపల పొడవాటి ఒకే హాలు, వరసగా ఎత్తైన కమానులు, మధ్యలో నీళ్ల తొట్టి. స్తంభం మీద దూలం మోపి కట్టిన తోరణాన్ని చూసిన పావుగంటలోనే కమాను కింద నిలబడడం వల్ల, బరువును కిందికి దించే రెండు పద్ధతుల తేడాను మా అమ్మాయికి వేళ్లతో చూపించి చెప్పగలిగాను. పుస్తకంలో బొమ్మ గీసి చెబితే ఇంత తేలికగా అర్థమయ్యేది కాదేమో.

పొద్దు వాలుతుండగా ఏకశిల గుట్ట ఎక్కాము. ఓరుగల్లు అన్న పేరుకు కారణమైన ఒంటిరాయి ఇదే. దీన్నే సంస్కృతంలో ఏకశిలానగరం చేశారు. పైన చిన్న గుడి, కింద గుండు చెరువు. ఎక్కేటప్పుడు నా మోకాళ్లు సహకరించలేదు. మా అమ్మాయి చెయ్యి పట్టుకొని, "మెల్లగ బాపూ, ఎవ్వరు తరుముతలేరు" అంటూ ఎక్కించింది. పైనుంచి చూస్తే పొద్దున నుంచి మేము నడిచిన దారి వెనక్కి చదివినట్టు ఉంది. దగ్గరలో తోరణాలు, వాటి చుట్టూ ఇళ్ల కప్పులు, ఆ వెనక రాతిగోడ వంపు, పొలాలు, వాటికి అవతల ముదురు ఆకుపచ్చ గీతలాగా మట్టికోట, ఇంకా దూరాన పొగమంచులో హనుమకొండ గుట్టలు. మట్టికోట వలయాన్ని నేను వేలితో గీస్తూ చూపిస్తుంటే, పక్కన నిలబడ్డ ఇద్దరు కుర్రవాళ్లు కూడా వచ్చి చూశారు. వాళ్లది ఈ కోటే. "మేం రోజూ దాని మీదికెల్లే బడికి పోతుంటిమి సార్, అది గుండ్రంగ ఉంటదని ఇప్పుడే చూస్తున్న" అన్నాడు ఒకడు.

చీకటి పడేలోగా బస్సు అందుకోవాలి కనుక, తిరిగి వెళ్లేటప్పుడు ఆటో ఎక్కక తప్పలేదు. మా అమ్మాయి బయటి వైపు కూర్చొని, పడమటి దర్వాజ మలుపులు దాటినప్పటి నుంచి తల బయట పెట్టి చూస్తూనే ఉంది. పొలాల మధ్య కొంత దూరం వెళ్లాక నా చెయ్యి పట్టి లాగి "బాపూ, ఇగో" అంది. నేను వంగి చూసేలోగా ఆటో మట్టికోటను దాటేసింది.